ఊరి మద్యనిషేధ మహిళా సంఘం జాడ తీయడానికి ‘పేపర్స్ పాస్ట్’ ఎంతవరకు పనికొస్తుంది?

న్యూజిలాండ్ జాతీయ గ్రంథాలయం నడిపే పాత పత్రికల వెబ్‌సైట్ పేరు ‘పేపర్స్ పాస్ట్’. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. దినపత్రికలు, మాసపత్రికలు, ఉత్తరాలు, పార్లమెంటు పత్రాలు వేర్వేరు విభాగాలుగా ఉంటాయి. 1900ల మొదట్లో ఒక చిన్న ఊళ్లో ఆడవాళ్ల మద్యనిషేధ సంఘం ఏం చేసిందో వెతికేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. అయితే పెట్టెలో ఊరి పేరు కొట్టగానే కథంతా వచ్చి పడుతుందనుకోవద్దు.

పరీక్షకు ఇన్వర్‌కార్గిల్ ఊరిని తీసుకుందాం. విమెన్స్ క్రిస్టియన్ టెంపరెన్స్ యూనియన్ అనే ఆడవాళ్ల మద్యనిషేధ సంఘానికి అక్కడ 1884లోనే శాఖ ఉంది. మేరీ లెవిట్ అమెరికా నుంచి వచ్చి దేశమంతా తిరిగి శాఖలు పెట్టించింది ఆ మరుసటి ఏడాది. 1905 డిసెంబరు ఎన్నికల్లో ఆ నియోజకవర్గం ‘నో-లైసెన్స్’కు, అంటే మద్యం అమ్మకానికి లైసెన్సులు ఇవ్వకూడదన్న పక్షానికి ఓటేసింది. 1906లో బార్లు మూతపడ్డాయి, 1940ల దాకా మళ్లీ తెరుచుకోలేదు. అలా మూయించాలంటే సగానికి ఒక ఓటు ఎక్కువైతే చాలదు, పోలైన ఓట్లలో అయిదింట మూడొంతులు రావాలి. 1893 నుంచి ఓటుహక్కున్న ఆడవాళ్లను ఇల్లిల్లూ తిరిగి పోలింగుకు రప్పించిన పని ఎంత పెద్దదో ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది.

వెతుకులాట దినపత్రికలతో మొదలుపెట్టకండి. ముందు మాసపత్రికల విభాగంలో ‘వైట్ రిబ్బన్’ తెరవండి. 1895లో మొదలైన ఆ సంఘం సొంత పత్రిక అది, తొలి సంపాదకురాలు కేట్ షెపర్డ్. శాఖల వార్తలు ఊళ్ల పేర్లతో వరసగా ఉంటాయి. తేదీల గడిలో 1905 జనవరి నుంచి 1906 డిసెంబరు వరకు పెట్టి, ఊరి పేరు ఒక్కటే కొట్టి, ఫలితాలను పాతవి ముందు వచ్చేలా అమర్చుకోండి. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ఎవరో, సమావేశం ఏ వారం, ఏ హాల్లో జరిగిందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాతి వెతుకులాటకు ఆ కాగితమే తాళంచెవి. తరచు శాఖల వార్తలన్నీ ఒకే పొడవాటి వ్యాసంగా వస్తాయి కాబట్టి మీ ఊరి పేరాగ్రాఫు నాలుగో కాలమ్ అడుగున ఉండొచ్చు. అక్షరపాఠం కాక పేజీ బొమ్మ తెరిచి, కింది దాకా చదవాలి.

ఆ తర్వాతే దినపత్రికలు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. సంఘం పేరును ‘డబ్ల్యూ.సి.టి.యు.’ అని పొట్టి అక్షరాల్లో కొట్టి, ఏమీ రాలేదని వదిలేస్తారు. వెబ్‌సైట్ వెతికే పాఠం, పేజీ బొమ్మను చూసి యంత్రం చదివి రాసింది. అరిగిపోయిన అచ్చులో ఆంగ్ల ‘యు’ అక్షరం చాలాచోట్ల ‘టిజె’ అయిపోతుంది, చుక్కల మధ్య ఖాళీలు పేరును ముక్కలు చేస్తాయి. పూర్తి పేరుతో ఒకసారి, ‘టెంపరెన్స్ యూనియన్’ అన్న రెండు మాటలను కోట్స్‌లో పెట్టి ఒకసారి వెతకండి. ‘లైసెన్స్’ స్పెల్లింగును కూడా ఆనాటి పత్రికలు ‘ఎస్’తో కొన్ని, ‘సి’తో కొన్ని వేశాయి. రెండూ కొట్టి చూడకపోతే సగం వార్తలు జారిపోతాయి.

పేర్ల గొడవ ఇంకా పెద్దది, మనసుకు బాధ కలిగించేది కూడా. పెళ్లయిన స్త్రీ అచ్చులో మొగుడి పేరుతోనే కనిపిస్తుంది. 1901 నుంచి జాతీయ అధ్యక్షురాలిగా ఉన్న లిలీ అట్కిన్సన్ 1900లో పెళ్లయ్యేదాకా మిస్ కర్క్, ఆ తర్వాత మిసెస్ ఎ. ఆర్. అట్కిన్సన్. ఆ ఎ. ఆర్. ఆమె భర్త ఇనిషియల్స్. అందుకే ‘లిలీ’ అని కొడితే చాలా కొద్దిగానే దొరుకుతుంది. 1914లో అధ్యక్షురాలైన రేచల్ డాన్ విషయంలో ఇబ్బంది వేరు. ఇంటిపేరు మరీ చిన్నది, ‘మిసెస్’ కలిపి కోట్స్‌లో పెట్టకపోతే వేల కొద్దీ చెత్త వస్తుంది. కేట్ షెపర్డ్ అయితే ‘పెనెలొపీ’ అన్న కలంపేరుతో కూడా రాసింది.

ఒక చిట్కా తప్పకుండా పాటించండి: ఫలితాలను ప్రకటనలకే పరిమితం చేసి చూడండి. వార్తగా రాని సమావేశం రెండు లైన్ల ప్రకటనగా ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు మాట్లాడతారన్నది అందులోనే దొరుకుతుంది.

ఓటింగు ఫలితాల వార్తలతో జాగ్రత్త. 1919 ఏప్రిల్ 10న దేశమంతటా మద్యనిషేధంపై ఓటింగు జరిగింది. మర్నాటి పత్రికలు చదివితే నిషేధమే గెలిచిందనిపిస్తుంది. తర్వాత విదేశాల్లో ఉన్న సైనికుల ఓట్లు కలిసేసరికి ఫలితం తారుమారైంది. ఆ నెలాఖరు దాకా చదవకుండా ఏమీ రాయకండి. నో-లైసెన్స్ ఓటింగు ఊరికి కాదు, నియోజకవర్గానికి జరిగేదన్నది కూడా గుర్తుండాలి. ఊరి పత్రిక వేసిన అంకెల్లో చుట్టుపక్కల పల్లెల ఓట్లూ కలిసే ఉంటాయి.

లోటు ఒకటుంది. అన్ని పత్రికలూ, అన్ని సంచికలూ ఎక్కలేదు కాబట్టి ఫలితం రాకపోతే సమావేశం జరగలేదని తేల్చేయకూడదు. ముందుగా ఆ పత్రిక పేజీకి వెళ్లి, మీకు కావాల్సిన ఏడాది ఉందో లేదో చూసుకోండి.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి తెలిసిన తెలుగువాళ్లకు ఈ పేజీలు కొత్తగా అనిపించవు. ఆ పోరాటం మీద పనిచేసేవాళ్లు పోలిక కోసం 1905 ఇన్వర్‌కార్గిల్‌తోనే మొదలుపెట్టవచ్చు. రెండు సాయంత్రాలు కేటాయిస్తే ఒక శాఖ ఏడాది పని చేతికొస్తుంది. దొరికిన ప్రతి వార్తకూ పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య, వ్యాసం కింద ఇచ్చే శాశ్వత లింకు అప్పటికప్పుడే రాసిపెట్టుకోండి. వెతికిన మాటలు కాస్త మారినా ఫలితాల వరస మారిపోతుంది, అదే పేరాగ్రాఫు మళ్లీ కంటపడటానికి ఇంకో సాయంత్రం పడుతుంది.