60 మైక్రాన్ల డ్రమ్ ఫిల్టర్: మడ్డి పడుతుంది, మసక వదలదు

నీటిని శుద్ధి చేసి మళ్లీ మళ్లీ వాడుతూ చేపలు పెంచే ఆర్‌ఏఎస్ (రీసర్క్యులేషన్) షెడ్డులో రోజుకు 100 కిలోల మేత వేస్తే, ఎండు బరువులో సుమారు 25 కిలోలు మలంగా, పొడిగా నీళ్లలో కలుస్తుంది. దాన్ని పట్టడానికి ఎక్కువమంది కొనేది 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జాలి చుట్టిన, తిరిగే డ్రమ్ ఫిల్టర్. పెద్ద మడ్డి విషయంలో దీనికి వంక పెట్టలేం. జాలి మూసుకుపోయి డ్రమ్ములో నీటిమట్టం పెరగగానే సెన్సార్ మోటారును తిప్పుతుంది, పైనున్న నాజిళ్లు కడిగేస్తాయి, మడ్డి తొట్టిలో పడి బయటికి పోతుంది. సెటిలింగ్ ట్యాంకులో లాగా మలం గంటల తరబడి నాని కరగదు.

చిక్కంతా సన్న నలుసులతోనే. రీసర్క్యులేషన్ నీళ్లలో లెక్కకు ఎక్కువుండేవి 30 మైక్రాన్ల లోపువి. అవి జాలిలోంచి దూరిపోతాయి. మొప్పల్ని రాపిడి పెట్టేదీ, క్రిముల్ని చంపే యూవీ కాంతికి అడ్డం పడేదీ, మేలు చేసే బ్యాక్టీరియా పెరిగే బయోఫిల్టర్ మీడియా మీద జిగటగా పేరుకునేదీ ఇవే. 30 మైక్రాన్ల జాలి వేయిస్తే సరిపోదా అంటే, అంతకన్నా సన్నవి దానిలోంచీ దూరతాయి, పైగా అదే డ్రమ్ము పంపగలిగే నీరు తగ్గుతుంది, కడుగుడు పెరుగుతుంది, కరెంటూ నీళ్లూ ఖర్చవుతాయి. ఆ జాలి కావాలంటే ఒక సైజు పెద్ద డ్రమ్ము తీసుకోవాల్సిందే.

అసలు ఆ నలుసుల్లో చాలావరకు మన పైపులే తయారుచేస్తాయి. ట్యాంకు అడుగు నీరు గ్రావిటీ మీదే డ్రమ్ముకు రావాలి, పంపు డ్రమ్ము తర్వాతే ఉండాలి. ముందు పెడితే పంపులో తిరిగే రెక్క (ఇంపెల్లర్) మలాన్ని పిండి చేస్తుంది, ఆ తర్వాత ఏ జాలీ పట్టలేదు. ఎల్బోలు ఎక్కువైనా, నీరు ఎత్తు నుంచి దూకినా అంతే. మేత బస్తా అడుగున మిగిలిన పొడిని జల్లించకుండా వేయడం కూడా ఇదే ఖాతాలోకి వస్తుంది.

మిగిలిన సన్నదానికి, గాలి బుడగల నురగతో మురికిని పైకి తేల్చి తీసే ఫోమ్ ఫ్రాక్షనేటర్ అమ్ముతారు. ఉప్పునీటి హేచరీకైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. తిలాపియా, కొర్రమేను పెంచే మంచినీళ్లలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, నురగ నిలవదు. కొద్దిగా ఓజోన్ కలిపితే మెరుగు, కానీ మోతాదు మించితే చేపకే ముప్పు. మేత వేయగానే నురగ కూలిపోతే మిషన్ చెడిందనుకోవద్దు, మేతలోని నూనె పని అది.

బోరు నీళ్లు గట్టివైతే జాలికీ నాజిళ్లకూ సున్నం పడుతుంది. నాజిల్ ఒక్కటి మూసుకున్నా జాలి మీద చుట్టూ నల్లటి పట్టీ కనబడుతుంది. ఫిల్టర్‌ను లైన్ నుంచి తప్పించి, నిమ్మ ఉప్పు ద్రావణం పట్టించి, మెత్తటి బ్రష్‌తో కడగాలి. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై స్ప్రే చెదురుతుంది. సెన్సార్‌కు జిగట పట్టినా డ్రమ్ము ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, లేదా అసలు తిరగదు.

కొనేముందు జాలి ప్యానెల్ విడిగా దొరుకుతుందా, అంచు రబ్బరు సీలు మార్చే వీలుందా చూసుకోండి. సీలు అరిగితే మురుగు పక్కనుంచి జారిపోతుంది, జాలి మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది.