ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి: ఏఎఫ్‌కే అరీనాతో నా ఐదేళ్ళు

ఏఎఫ్‌కే అరీనా అనే ఫోను ఆటలో నీకేం నచ్చిందని ఎవరైనా అడిగితే నేను బొమ్మల గురించి చెప్పను, హీరోల కథల గురించీ చెప్పను. యుద్ధం మొదలయ్యే ముందు వచ్చే ఆ ఒక్క స్క్రీన్ గురించి చెప్తాను. ఎడమ పక్క మన ఐదుగురు, కుడి పక్క వాళ్ళ ఐదుగురు. ముందు వరసలో ఇద్దరు, వెనక ముగ్గురు. ఎదుటి వాళ్ళలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో ముందే కనిపిస్తుంది. మనవాళ్ళను వేలితో పట్టుకుని అటువాణ్ణి ఇటు, ఇటువాణ్ణి అటు జరుపుకోవచ్చు. క్యాంపెయిన్‌లో, అంటే ఒక్కో స్టేజి దాటుకుంటూ పోయే ఆటలో, ఓడిపోతే మన దగ్గరున్నది ఏదీ తగ్గదు. ఎనర్జీ అయిపోయింది, రేపు రండి అనే గోల లేదు. మళ్ళీ జరుపుకుని మళ్ళీ ఆడడమే. ఒక్కో యుద్ధం ఎక్కువలో ఎక్కువ 90 సెకన్లు.

హైస్కూల్లో కబడ్డీ ఆడేటప్పుడు నాది లెఫ్ట్ కార్నర్. బలంలో నాకంటే మంచివాళ్ళు జట్టులో నలుగురున్నారు. అయినా మా డ్రిల్ సార్ నన్ను ఆ చోటి నుంచి కదిలించేవాడు కాదు. రైడర్ ఏ కాలు ముందు పెట్టి వస్తున్నాడో చూసి చీలమండ పట్టడం నాకు వచ్చు, కవర్‌లో నిలబెడితే మాత్రం నా వల్ల అయ్యేది కాదు. మనిషి అదే, చోటు మారితే పనికిరాడు. ఈ ఆటలో ఆ సంగతి మళ్ళీ కనబడింది. అందుకే దీన్ని ఇన్నేళ్ళు పట్టుకుని ఉన్నాను.

మొదలుపెట్టింది 2020 ఏప్రిల్‌లో. నేను కువైట్‌లో ఉంటాను. కరోనాకు మహబూలా ప్రాంతం మొత్తాన్ని మూసేశారు. ఐదుగురం ఒకే రూములో, పనికి పోయేది లేదు, బయటికి అడుగు పెట్టేది లేదు. ఎవరి ఫోను వాళ్ళది. ఆట మూసేసి ఉన్నా పెట్టెలో బంగారం, అనుభవం పోగై ఉండడం, 12 గంటలు నిండితే ఆగిపోవడం, ఇవన్నీ ఆడేవాళ్ళందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

నాకు తొందరగా దొరికిన మంచి హీరో షెమీరా. ఆటలో హీరోలు వర్గాలుగా ఉంటారు, ఈమెది గ్రేవ్‌బార్న్ వర్గం. ఆమె అల్టిమేట్ (ఎనర్జీ నిండాక వాడే పెద్ద దెబ్బ) పడిందంటే చుట్టూ ఆత్మలు లేచి ఎదుటి వాళ్ళందరినీ కొరుకుతాయి, వాళ్ళకు తగిలిన దెబ్బలో కొంత ఈమెకు ప్రాణంగా వచ్చి చేరుతుంది. కొత్తలో ఆమె ఒక్కతే యుద్ధాలకు యుద్ధాలు గెలిపించేది. మిగిలిన నలుగురి పని ఆమె అల్టిమేట్ నిండేదాకా ఆమెను బతికించడమే. ముందు వరసలో గ్రెజుల్, లూషియస్. వెనక ఫెరేల్, బెలిండా, షెమీరా. అంటే గ్రేవ్‌బార్న్ ముగ్గురు, లైట్‌బేరర్ ఇద్దరు.

ఈ కూర్పు ఊరికే పెట్టింది కాదు. ఒకే వర్గం వాళ్ళు ముగ్గురుంటే అందరి ప్రాణం, దాడి 10 శాతం పెరుగుతాయి. ముగ్గురు ఒక వర్గం, ఇద్దరు ఇంకో వర్గం అయితే 15. నలుగురైతే 20, ఐదుగురూ ఒకే వర్గమైతే 25. నేను అంతకుముందు రెండు వారాలు ఆ 25 వెంటే పడ్డాను. గ్రేవ్‌బార్న్ అయితే చాలు, ఎవరైనా సరే అని నీలం రంగు (తక్కువ స్థాయి) హీరోలను కూడా జట్టులోకి తెచ్చుకున్నాను. బోనస్ వచ్చింది గానీ జట్టులో సగం మంది పది సెకన్లలో పడిపోయేవాళ్ళు. చివరికి 15 శాతం దగ్గర కుదురుకుని, ఇక ఈ జట్టుకు తిరుగులేదనుకున్నాను.

అప్పుడు వచ్చింది ఆ స్టేజి.

ఎదుటి జట్టులో చూడడానికి భయపడాల్సిన వాళ్ళెవరూ లేరు. వాళ్ళ వెనక వరసలో కింది చోట సిల్వినా ఉంది. సిల్వినా మొదట్లో అందరికీ వచ్చే నీలం హీరో, నా దగ్గరా ఒకత్తి ఉంటే పట్టించుకోలేదు. ఆడాను. ఐదారు సెకన్లలో షెమీరా పోయింది. ఆమె పోయాక మిగిలినవాళ్ళు 90 సెకన్లు లాక్కొచ్చి ఓడిపోయారు. మళ్ళీ ఆడాను, అదే. లెవెల్ తక్కువైందేమో అనుకుని ఒక రోజంతా పోగైన వనరులు షెమీరాకే పోశాను. ఈసారి ఎనిమిది సెకన్లు బతికింది. హీరోస్ ఎసెన్స్ అనేది ఉంటుంది, 20 లెవెళ్ళకు ఒకసారి గేటు దాటాలంటే అది కావాలి. మొదట్లో అన్నిటికంటే కరువు దానికే. నా దగ్గరున్నదంతా ఆమె మీదే ఖర్చయిపోయింది. ఆరు రోజులు ఆ స్టేజి దగ్గరే ఉన్నాను. రాత్రి నిద్ర పట్టక కూడా ఆడేవాణ్ణి.

మా రూములో పీలేరన్న ఒకాయన ఉండేవాడు. ఆయన ఫోనులో ఆటలు ఆడడు. నా పక్కన పడుకుని చూస్తుండేవాడు. ఆరో రోజు నేను ఓడిపోయి ఫోను పరుపు మీద పడేస్తే అన్నాడు: “ఏం ప్పా, ఆ పిల్ల ప్రతిసారీ ఈ మూలకే దూకుతాండాది, నువ్వు ప్రతిసారీ ఈమెను ఈ మూలకే పెడతాండావు.”

నేను ఫోను మళ్ళీ తీసుకున్నాను. నిజమే. సిల్వినా యుద్ధం మొదలవగానే తనకు సరిగ్గా ఎదురుచోట ఉన్నవాళ్ళ మీదికి దూకి వాళ్ళను స్తంభింపజేస్తుంది. ఆమెది వాళ్ళ వెనక వరస కింది చోటు, షెమీరాది నా వెనక వరస కింది చోటు. ఇన్ని రోజులూ నేను చేసింది నా జట్టులో అందరికంటే ముఖ్యమైన మనిషిని తీసుకెళ్ళి ఆమెకు అప్పజెప్పడమే. హీరోను నొక్కి నైపుణ్యాలు చదివితే అంతా రాసే ఉంది. నేను నా వాళ్ళవి చదివాను గానీ ఎదుటి వాళ్ళవి చదవలేదు.

మరి ఆ మూలకు ఎవరిని పెట్టాలి? నా దగ్గర మాలర్ వర్గంవాడు బ్రూటస్ ఉన్నాడు. వాడి గుణం ఏంటంటే, ప్రాణం పోయే దెబ్బ తగిలినప్పుడు వెంటనే పడిపోడు. కొన్ని సెకన్లపాటు వాణ్ణి ఏ దెబ్బా చంపలేదు. కానీ వాడికి నేను ఒక్క లెవెల్ కూడా పెట్టలేదు. ఇక్కడ రెజొనేటింగ్ క్రిస్టల్ ఆదుకుంది. మన హీరోల్లో అందరికంటే పై లెవెల్లో ఉన్న ఐదుగురిలో కిందివాడి లెవెల్ ఏదో, క్రిస్టల్‌లో పెట్టిన మిగతావాళ్ళకు అదే వస్తుంది. బ్రూటస్‌ను అందులో పెట్టాను, రూపాయి ఖర్చు లేకుండా పెద్దవాడైపోయాడు. గ్రెజుల్ కవచాలు విప్పి వాడికి తొడిగాను.

గ్రెజుల్‌ను తీసేస్తే నా 15 శాతం బోనస్ మొత్తం పోతుంది. గ్రేవ్‌బార్న్ ఇద్దరు, లైట్‌బేరర్ ఇద్దరు, మాలర్ ఒక్కడు. ఇద్దరిద్దరికి ఏమీ రాదు. స్క్రీన్ మీద జట్టు బలం అంకె తగ్గింది. దాన్ని చూస్తూ నొక్కడానికి చెయ్యి రాలేదు. పీలేరన్న “నొక్కు ప్పా, పోయేదేముంది” అన్నాడు.

బ్రూటస్‌ను వెనక కింది చోట, షెమీరాను ముందు వరసలో గ్రెజుల్ ఉన్నచోట పెట్టాను. ముందు పెట్టడం తప్పేమో అనిపించింది, ఆమె కవచం పల్చన. కానీ పక్కన లూషియస్ ఉన్నాడు, వాడు కప్పే రక్షణ ఆమెకూ అందుతుంది. ఇంకో సంగతి, దెబ్బ తగిలినా కూడా హీరో ఎనర్జీ నిండుతుంది, ఈ ఆటలో 1000 నిండితే అల్టిమేట్.

సిల్వినా దూకింది. బ్రూటస్ మీద పడింది. వాడు కాసేపు కదల్లేదు, ఆ తర్వాత గొడ్డలి తిప్పడం మొదలుపెట్టాడు. ఇటు షెమీరా తన్నులు తింటూనే ఉంది, ప్రాణం గీత సగానికి వచ్చింది, ఇంకా తగ్గింది, అప్పుడు అల్టిమేట్ నిండింది. నొక్కాను. ఆత్మలు లేచాయి, గీత మళ్ళీ పైకి పాకింది. సిల్వినా పడిపోయింది. యుద్ధం ఇంకా 40 సెకన్లు మిగిలుండగా అయిపోయింది. పక్క మంచాలవాళ్ళు లేచి ఏమైందని అడిగేంత గట్టిగా అరిచాను.

ఆ రోజు నుంచి నా ఆట మారిపోయింది. కొత్త స్టేజి వస్తే ముందు నా జట్టు వైపు చూడను, వాళ్ళ జట్టు వైపు చూస్తాను. ఎదురుచోటి మీదికి దూకేవాళ్ళు ఉన్నారా, ఉంటే ఏ చోట ఉన్నారు? అథాలియా కూడా అలాగే ఎదురుగా ఉన్నవాళ్ళ మీదికే వస్తుంది, సిల్వినా కంటే చాలా గట్టిగా. వాళ్ళకు ఎదురుగా చావడానికి టైం తీసుకునేవాణ్ణి పెడతాను. అదే ఆయుధం మనకూ పనికొస్తుంది. పక్కన పడేసిన నా సిల్వినాను తీసి, వాళ్ళ వైద్యుడికి ఎదురుగా నిలబెట్టి ఎన్నో స్టేజిలు దాటాను. దెబ్బ కొట్టేవాళ్ళు వెనక, ఓర్చుకునేవాళ్ళు ముందు అనే మాట మొదటి రెండు మూడు చాప్టర్లకు చాలు. ఆ తర్వాత ఎవరు ఎవరి ఎదురుగా పడుతున్నారన్నదే లెక్క.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు నా మాట: ఐదుగురిని ఎంచుకుని వనరులన్నీ వాళ్ళకే పెట్టండి. పంచిన కొద్దీ ఎవరూ ఎదగరు. నాలాగా తప్పు హీరో మీద పోసేసుంటే ఆటలోని రికెటీ కార్ట్ అనే చోట 20 డైమండ్లకు ఆ హీరో లెవెల్ వెనక్కి తీసేసి, పెట్టినదంతా తిరిగి తీసుకోవచ్చు. ఆ ఆరు రోజుల్లో నాకిది తెలిసుంటే షెమీరా మీద తగలేసిన ఎసెన్స్ కోసం అంత బాధపడేవాణ్ణి కాదు. క్రిస్టల్‌లో చోట్లు మాత్రం చూసి వాడండి. ఒకరిని తీసేస్తే ఆ చోటు 24 గంటలు మూసుకుపోతుంది, వెంటనే కావాలంటే డైమండ్లు కట్టాలి. బ్రూటస్‌ను తీసి ఇంకొకరిని పెట్టి, మళ్ళీ బ్రూటస్ కావాల్సి వచ్చి ఒక పూటంతా కూర్చున్న రోజులున్నాయి.

ఇప్పుడు పైన చెప్పిన వాటిలో కొన్నిటికి సవరణ చెప్పాలి. షెమీరా ఒక్కతే గెలిపిస్తుందన్నది ముందు చాప్టర్లకే. తర్వాత ఆమెను మాటిమాటికీ ఆపేసే హీరోలు వస్తారు, అల్టిమేట్ పడేలోపే పని అయిపోతుంది. రెండో ఏడు నుంచి ఆమెను జట్టులోకి తీసుకున్నది తక్కువ. చోటు మారిస్తే గెలుస్తామన్నది కూడా ఒక హద్దు వరకే. ఎదుటివాళ్ళ లెవెల్ మనకంటే మరీ పైన ఉంటే ఎవరిని ఎక్కడ పెట్టినా లాభం లేదు, వారం ఆగి ఎదగాల్సిందే. ఇంకొకటి, ఏమీ మార్చకుండా అదే జట్టుతో నాలుగుసార్లు ఓడి ఐదోసారి గెలిచిన స్టేజిలు చాలా ఉన్నాయి. దెబ్బల్లో కొంత అదృష్టం ఉంటుంది. అలాంటప్పుడు గెలిపించింది నేను మార్చిన చోటా, ఆ అదృష్టమా అని నాకే తేలదు. సిల్వినా స్టేజిలో మాత్రం సందేహం లేదు, ఆరు రోజుల లెక్క నా దగ్గరుంది.

ఇంకా ముందుకు పోతే ఒకే స్టేజికి రెండు జట్లు, ఆపైన మూడు జట్లు కావాలి. పదిమందిని, పదిహేనుమందిని ఎవరి ఎదురుగా ఎవరు అని చూసుకుంటూ కూర్చోబెట్టడం మొదట్లో సంబరంగా ఉండేది. లాక్‌డౌన్‌లో ఎన్ని గంటలైనా కూర్చునేవాణ్ణి కాబట్టి. ఇప్పుడు మహబూలా నుంచి శువైఖ్‌లో పనికి కంపెనీ బస్సులో పోతూ ఆడతాను. మూడు జట్లు సర్దేలోపు దిగాల్సిన చోటు వచ్చేస్తుంది. అందుకని రికార్డుల బటన్ నొక్కి, అదే స్టేజి దాటినవాళ్ళు ఎవరిని ఎక్కడ పెట్టారో చూసి అలాగే పెట్టేస్తున్నాను. గెలుస్తాను గానీ ఆ రాత్రి అరిచినట్టు అరవాలనిపించదు. ఆ బటన్ వాడకుండా కనీసం మూడుసార్లు సొంతంగా ప్రయత్నించాలని ఒక నియమం పెట్టుకున్నాను, వారంలో నాలుగు రోజులు పాటిస్తున్నాను.

ఆడమని అందరికీ చెప్పగలనా అంటే, నా పరిస్థితి వేరు. రోజూ రానూపోనూ గంటన్నర బస్సులో ఖాళీ. జీతంలో ఇంటికి పంపేది పోగా మిగిలే దాంట్లోంచి ఆటకు ఒక్క దీనారు పెట్టలేదు, పెట్టను. నిదానంగా ఎదిగితే నాకు ఇబ్బంది లేదు, పక్కవాడితో పోటీ లేదు. పోటీ ఉన్నవాళ్ళకు ఈ నిదానం పడదేమో. మొదటి రెండు నెలల ఆట మాత్రం ఎవరికైనా చూపించాలనిపిస్తుంది నాకు. అయితే ఇండియాలో ఉన్నవాళ్ళకు అదీ కుదరదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో ఇదీ ఒకటి.

పీలేరన్న ఊరికి వెళ్ళిపోయి మూడేళ్ళయింది, మామిడితోట చూసుకుంటున్నాడు. ఫోన్ చేస్తే పిల్లల గురించి, కాపు గురించి మాట్లాడాక, ఎక్కడిదాకా వచ్చావు ప్పా అని అడుగుతాడు. ఆగిపోయిన స్టేజి స్క్రీన్‌షాట్ పంపుతాను. హీరోల పేర్లు ఆయనకు ఇప్పటికీ రావు. మొన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు: “ఆ రెక్కలామెకు ఎదురుగా ఆ కొమ్ముల లావాటోణ్ణి పెట్టి చూడు.” అథాలియా ఉంది అక్కడ. ఆయన చెప్పినట్టే పెట్టాను.