ఆరిపోతే పనిచేయని మందు: సబ్బు ద్రావణంతో కొన్నేళ్ల అనుభవం

ఇంట్లోని కుండీ మొక్కలకూ ఆర్కిడ్లకూ కొన్నేళ్లుగా నేను వాడుతున్న పురుగుమందు ఒక్కటే: కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణాలతో చేసిన సబ్బు ద్రావణం. పురుగులను ఇది ఎంత బాగా చంపుతుందన్నది కాదు, ఆరిన తరువాత ఇక దేనినీ చంపదన్నదే నన్ను దీనికి కట్టిపడేసింది. తడిగా ఉండి పురుగు ఒంటికి తగిలినప్పుడే దాని బలమంతా. మనుషులు తిని, పడుకునే గదుల్లో చల్లే మందుకు ఇంతకు మించిన గుణం అక్కరలేదని నా అభిప్రాయం. ఇమిడాక్లోప్రిడ్ వంటి రసాయన పురుగుమందులు మొక్క రసంలో చేరి వారాల తరబడి నిలుస్తాయి కనుక శ్రమ తగ్గిస్తాయన్నది నిజమే, కానీ అవి ఎర్రనల్లిని అదుపు చేయవు సరికదా, ఒక్కోసారి దాని ఉద్ధృతిని పెంచుతాయి కూడా.

ఇంత మెచ్చుకున్న మందు ఒక వేసవిలో ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. ఫాలనోప్సిస్ అనే ఆర్కిడ్ ఆకుల మొదళ్లలో పిండినల్లి చేరగా, ఎప్పటి మోతాదులోనే కలిపి పిచికారీ చేస్తే పురుగులు మరునాటికి నిక్షేపంగా తిరుగుతున్నాయి. ఆకుల మీద మాత్రం తెల్లటి మచ్చలు తేలాయి, స్ప్రేయర్ ముక్కు కూడా మూసుకుపోయింది. మందు పాతబడిందనుకుని కొత్త సీసా తెచ్చినా ఫలితం అదే. చివరికి తేలిందేమిటంటే, మారింది మందు కాదు, నీరు. అంతకుముందు పట్టి ఉంచిన వాననీరు అయిపోయి, భూగర్భం నుంచి తోడిన నీటితో కలపడం మొదలైంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం కొవ్వు ఆమ్లాలతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి; పురుగును చంపవలసిన పదార్థమే ఆ తెట్టులోకి పోయి, మిగిలేది ఉత్త నీరు. గాజు సీసాలో కొద్దిగా కలిపి కాసేపు కదపకుండా ఉంచితే చాలు, పైన తెల్లటి తెట్టు కట్టిందంటే ఆ నీరు పనికిరాదు. ఇంత సులువైన పరీక్షను సీసా మీద ఒక్క వాక్యంలో అచ్చు వేయడానికి ఆ తయారీదారుకు చోటు దొరకలేదు. పూల బొమ్మలకు మాత్రం బోలెడంత దొరికింది. స్వేదన జలంతో కలిపినప్పటి నుంచి ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

అయితే సురక్షితమన్న మాటకు హద్దులున్నాయి. కళ్లలో పడితే ఇది గట్టిగానే మండుతుంది, కనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పవు; చేపల తొట్టి ఉన్న గదిలో దీన్ని చల్లకపోవడమే మేలు. ఫెర్న్‌లు దీన్ని సరిగా తట్టుకోవు, జేడ్ మొక్క ఆకుల మీది మైనపు పూత చెదురుతుంది, ఆర్కిడ్ పూలు, మొగ్గలు మచ్చపడవచ్చు. ఏ మొక్కకైనా ముందు ఒకటి రెండు ఆకులపై చల్లి రెండు రోజులు ఆగి చూడాలి. ఎండలో గాని, 32 డిగ్రీలు దాటిన వేడిలో గాని, నీరు లేక వాడిన మొక్కపై గాని చల్లకూడదు. ఫాలనోప్సిస్ నడిమి గుంటలో నిలిచిన తడిని దూదితో అద్ది తీయకపోతే పురుగు పోయినా కుళ్లు పట్టుకుంటుంది.

ఇక, గుడ్లను ఇది పెద్దగా ఏమీ చేయలేదు. వారానికోసారి చొప్పున మళ్లీ మళ్లీ చల్లవలసిందే, అదీ ఆకు అడుగు భాగం తడిసేలా. ముదిరిన పిండినల్లికి మైనపు కవచం ఉంటుంది కాబట్టి, వాటిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటిగా తుడిచి, ఆ తరువాతే పిచికారీకి దిగుతాను. వేళ్లలో దాగినవాటిని పట్టాలంటే కుండీ విప్పి, ఆర్కిడ్లకు మట్టికి బదులు నింపే బెరడు ముక్కల్లో పాతవాటిని పారేయక తప్పదు.

నాకున్నవి కొద్ది కుండీలు, ప్రతి ఆకునూ తిప్పి చూసే తీరిక కూడా ఉంది, కాబట్టి ఇది నాకు సరిపోయింది. వందల ఆర్కిడ్లు పెంచేవారికి ఈ ఓపిక కుదరకపోవచ్చు. వారు ఘాటైన మందులవైపు చూసేటట్లయితే, ఇంటి లోపల వాడవచ్చని లేబుల్‌పై స్పష్టంగా ఉన్నవాటినే ఎంచుకోవాలి. అందులోనూ ద్రావకంలో కరిగించిన ఇ.సి. (ఎమల్సిఫయబుల్ కాన్సన్‌ట్రేట్) రకాల కంటే నీటిలో కలిపే పొడి రకాలు ఆర్కిడ్లకు నయం, ఎందుకంటే చాలాసార్లు ఆకును మాడ్చేది మందు కాదు, ఆ ద్రావకమే.