ఇంటి మెషిన్‌తో ఎంబ్రాయిడరీ: నల్ల మెషిన్ మేలా, జిగ్‌జాగ్ మెషిన్ మేలా?

జాకెట్టు చేతుల మీద నాలుగు తీగలు, పాపాయి గౌను మీద ఒక పువ్వు, దిండు గలీబు మూలల్లో ఆకులు. ఇంత పనికి ఎంబ్రాయిడరీ మెషిన్ అంటూ వేరే అక్కర్లేదు. ఇంట్లో బట్టలు కుట్టే మెషిన్‌కే బట్టను నొక్కిపట్టే ఫుట్ తీసేసి, బట్టను వెనక్కి లాగే పళ్లను పనిచేయకుండా ఆపి, బట్టను రింగులో బిగించి చేత్తో కదిపితే చాలు. సూది ఉన్నచోటే పైకీ కిందికీ ఆడుతుంది, మన చెయ్యి ఎటు నడిపితే అటు గీత పడుతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి రెండు రకాలు. తిన్నగా మాత్రమే కుట్టే ఇనుప నల్ల మెషిన్ ఒకటి. ఉషా, సింగర్, మెరిట్ ఏదైనా దాదాపు ఒకేలా ఉంటాయి. మోటారుతో వచ్చే తెల్లటి జిగ్‌జాగ్ మెషిన్ రెండోది. నా మాట ముందే చెప్పేస్తాను. నేర్చుకోవడానికీ, పువ్వులూ ఆకులూ రంగులు కలిపి నింపడానికీ నల్ల మెషినే మేలు. జిగ్‌జాగ్ చేసేది ఇంకా ఎక్కువ కదా అని చాలామంది అనుకుంటారు. ఎంబ్రాయిడరీ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మారిపోతుంది.

జిగ్‌జాగ్‌లో సూది ఎప్పుడూ ఎడమకీ కుడికీ మాత్రమే ఊగుతుంది. రింగును మన వైపు నుంచి అవతలికి నడిపితే గీత పూర్తి వెడల్పుతో నిండుగా వస్తుంది. అదే రింగును పక్కకి నడిపితే కుట్లన్నీ ఒకే గీత మీద పడి సన్నబడిపోతాయి. చెక్కిన మొన ఉన్న కలంతో రాస్తే అక్షరం ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది చూడండి, అలా. తీగ వంపు తిరిగినప్పుడల్లా వెడల్పు మారిపోతుంది. సమానంగా రావాలంటే వంపుతో పాటు రింగునూ తిప్పాలి. 8 అంగుళాల రింగును అలా తిప్పుతుంటే మెషిన్ స్తంభానికి తగులుతుంది. నల్ల మెషిన్‌లో ఈ బాధ లేదు. అక్కడ కుట్టు పొడవు, వాలు, వెడల్పు అన్నీ మన చేతిలోనే ఉంటాయి. ఆకు అంచు నుంచి నడిమి ఈనె వైపుకి ఏటవాలుగా రింగును ఆడిస్తే కుట్లు అలాగే ఏటవాలుగా పడతాయి. గులాబీ రేకుకి ముందు ముదురు రంగును పొడుగూ పొట్టీగా వేసి, ఆ సందుల్లోకి లేత రంగును దించితే రెండు రంగుల మధ్య గీత కనిపించదు. జిగ్‌జాగ్ మెషిన్‌నీ తిన్నటి కుట్టులో పెట్టి ఇదంతా చేయొచ్చు. అప్పుడు జిగ్‌జాగ్ వల్ల మనకు కలిసొచ్చేదేమీ ఉండదు.

పైగా జిగ్‌జాగ్ మెషిన్‌లో సూది కింద ఉండే ఇనుప ప్లేటుతో ఒక చిక్కు ఉంది. సూది ఊగాలి కాబట్టి ప్లేటు మీద రంధ్రం అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. జార్జెట్, షిఫాన్ లాంటి పలచటి బట్ట సూదితో పాటు ఆ రంధ్రంలోకి దిగిపోయి ముడతలు పడుతుంది. నల్ల మెషిన్ ప్లేటుకి చిన్న గుండ్రటి చిల్లే కాబట్టి సూది చుట్టూ బట్టకి ఆధారం దొరుకుతుంది. జిగ్‌జాగ్ మెషిన్‌కి కూడా గుండ్రటి చిల్లు ప్లేటు విడిగా దొరికితే వేసుకోవచ్చు. కానీ ఆ ప్లేటు ఉండగా మరచిపోయి జిగ్‌జాగ్ పెట్టారంటే సూది ఇనుముకి కొట్టుకుని విరుగుతుంది.

తొక్కడమా, మోటారా అన్నది కూడా చిన్న విషయం కాదు. కాళ్లు వేగంగా, చేతులు నెమ్మదిగా కదిలితే కుట్టు చిన్నది. కాళ్లు నెమ్మదించి చేతులు తొందరపడితే కుట్టు పొడుగైపోతుంది, సూది వంగి విరుగుతుంది. ఎంబ్రాయిడరీ నేర్చుకోవడమంటే నిజానికి ఈ పొత్తు నేర్చుకోవడమే. కాళ్లతో తొక్కేటప్పుడు ఒక్కో కుట్టు చొప్పున నిదానంగా వేయొచ్చు. చవకరకం మోటారు పెడల్ నొక్కగానే ఒక్కసారిగా దూకుతుంది, కొత్తవాళ్లకి రేకు గీత దాటిపోతుంది. చెయ్యి తిరిగాక మాత్రం మోటారే సుఖం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మరీను. చేత్తో పిడి తిప్పే మెషిన్ ఈ పనికి కుదరదు. రింగుకి రెండు చేతులూ కావాలి.

జిగ్‌జాగ్ గెలిచే చోట్లూ ఉన్నాయి. పేర్లు, మోనోగ్రామ్‌లు, సమాన వెడల్పుతో తిన్నగా సాగే అంచులు, ప్యాచ్ వర్క్‌లో ముక్క చుట్టూ కట్టుదిట్టంగా వేసే కుట్టు, కట్ వర్క్ (కుట్టు మధ్యలోని బట్టను కత్తిరించి తీసేసే పని) అంచులు. వీటిని నల్ల మెషిన్ మీద చేత్తో ఆడిస్తూ వేయడానికి పట్టే సమయం కంటే జిగ్‌జాగ్‌కి చాలా తక్కువ పడుతుంది. పనీ శుభ్రంగా ఉంటుంది. మీ దగ్గరికి వచ్చే పని ఎక్కువగా ఇదే అయితే నల్ల మెషిన్ కోసం పట్టుబట్టక్కర్లేదు. పళ్లు దించే మీట కూడా జిగ్‌జాగ్ మెషిన్లలో చాలావాటికి ఉంటుంది. నల్ల మెషిన్లలో కొన్నిటికే ఆ ఏర్పాటు ఉంటుంది. లేనప్పుడు కుట్టు పొడవును సున్నాకి పెట్టండి. పళ్లు పైకీ కిందికీ ఆడతాయి గానీ బట్టను లాగవు. వాటి మీద బిగించే ఎంబ్రాయిడరీ ప్లేటు దొరికితే ఇంకా నయం, రింగు నున్నగా జారుతుంది.

ఏ మెషిన్‌కైనా చెప్పాల్సిన మాట ఒకటుంది, కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఫుట్ తీసేశాం కదా అని దాన్ని ఎత్తే మీటను పైనే వదిలేస్తారు. ఆ మీట దించితేనే పైదారం పట్టే బిళ్లలు దగ్గరికొచ్చి దారానికి బిగువు, అంటే టెన్షన్ పడుతుంది. దించకపోతే కింద దారం ఉండలు కడుతుంది. దించారా, ఆ తర్వాత పైటెన్షన్ కొంచెం వదులు చేయండి, కిందిదారం పైకి కనిపించకూడదు. దుకాణంలో సిల్క్ దారం అని అడిగితే ఇచ్చే మెరిసే దారం చాలావరకు రేయాన్. దానికి 11 నంబరు సూది బాగుంటుంది. కాస్త మందం బట్టకి 14. మామూలు కుట్టుకి వాడే 16 నంబరు సూదితో పట్టు మీద చిల్లులు కనిపిస్తాయి. జరీ దారం సూది బెజ్జంలో పీచు లేస్తుంటే దాన్ని కిందిదారం చుట్టే బాబిన్‌లో చుట్టి, డిజైన్‌ను బట్ట వెనకవైపు దించుకుని తిరగేసి కుట్టండి. లావు దారాన్ని బట్టి బాబిన్ కేస్ (బాబిన్ కూర్చునే డబ్బీ) స్క్రూ వదులు చేయాల్సి వస్తుంది కాబట్టి ఈ పనికి రెండో బాబిన్ కేస్ పెట్టుకోవడం మంచిది. నల్ల మెషిన్ బాబిన్ కేస్ ఏ ఊళ్లోనైనా, చవకగా దొరుకుతుంది. ఇది కూడా నాకు దాని మీద మొగ్గు కలిగించే విషయం.

ఫుట్ పూర్తిగా తీసేయడం మేలా, స్ప్రింగు ఉన్న డార్నింగ్ ఫుట్ పెట్టుకోవడం మేలా? సూది కిందికి దిగి తిరిగి లేవడం మొదలుపెట్టినప్పుడు దాని వెనక దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. కింది కొక్కెం దాన్ని పట్టుకుంటేనే కుట్టు పడుతుంది. బట్ట సూదితో పాటు పైకి లేచిందంటే ఉచ్చు విచ్చుకోదు, కుట్టు తప్పిపోతుంది. డార్నింగ్ ఫుట్ సరిగ్గా ఆ క్షణంలో బట్టను నొక్కి పెడుతుంది, వేలికీ కాపలా కాస్తుంది. ఫుట్ లేకుండా కుట్టాలంటే రింగులో బట్ట తప్పెటలా మోగేంత బిగువుగా ఉండాలి. లోపలి చట్రానికి గుడ్డ పేలిక చుడితే ఆ బిగువు నిలుస్తుంది. సూది దగ్గర గీత కళ్లకి బాగా కనిపించేది ఫుట్ లేనప్పుడే, సన్నటి పనికి నేనైతే అలాగే కుడతాను. పిల్లలకి, కొత్తవాళ్లకి మాత్రం ఫుట్ పెట్టే నేర్పండి. సూది వేలిలో దిగితే ఆ భయం చాలాకాలం పోదు.

కంప్యూటర్ మెషిన్ సంగతి. ఒకే డిజైన్ పది జాకెట్లకి కావాలన్నా, స్కూల్ బ్యాడ్జీలు కుట్టాలన్నా దాని ముందు చెయ్యి నిలవదు. ఆర్డర్లు నికరంగా ఉంటేనే అంత పెట్టుబడికి అర్థం ఉంటుంది. ఒక్కో చీర ఒక్కో డిజైన్ అడిగే ఇంటి పనికి, ప్రతిదానికీ డిజైన్ ఫైలు చేయించుకోవాలి. పూసలు, కుందన్లు, జర్దోసీ కావాలంటే మగ్గం వర్కే, అక్కడ ఏ మెషిన్‌తోనూ పోలిక లేదు. ఒట్టి దారం పనిలో మాత్రం మెషిన్ కుట్టుకి గట్టితనం ఎక్కువ. మగ్గం మీద వేసేది ఒకే దారంతో గొలుసుకుట్టు, ముడి సరిగా పడకపోతే చివర పట్టి లాగితే ఊడొస్తుంది. మెషిన్‌లో పైదారం, కిందిదారం కుట్టుకుట్టుకీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

నల్ల మెషిన్ సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే ప్లేటు చిల్లు అంచు మీద వేలు పెట్టి చూడండి. విరిగిన సూదులు తగిలి గరుకెక్కిన ప్లేటు సిల్క్ దారాన్ని తెంపుతూనే ఉంటుంది. ప్లేటు మార్చడం తేలిక, కొక్కెం మొన అరిగిపోయి ఉంటే ఖర్చు ఎక్కువ. మీ రింగును కూడా దుకాణానికి తీసుకెళ్లండి. సూదిని పూర్తిగా ఎత్తి, బట్ట బిగించిన రింగు దాని కింద దూరుతుందో లేదో అక్కడే చూసుకోండి. మందం చట్రం దూరకపోతే పలచటి చెక్క రింగు తీసుకోవాలి. ఇంటికి తెచ్చి నూనె వేశాక ఒక రాత్రి వదిలేసి, పొద్దున పాత గుడ్డ మీద కాసేపు కుట్టండి. సూది కడ్డీ నుంచి నూనె చుక్క పడటం ఆగిందని చూసుకున్నాకే పట్టు జాకెట్టు ముక్కను రింగులో బిగించండి.