డెస్క్‌టాప్ సెషన్ల దగ్గర 'డబ్ల్యూ' కమాండ్ లెక్క: 12 ఏళ్ల వాడకం తరువాత

లైనక్స్ మెషీన్‌లోకి లాగిన్ కాగానే నేను కొట్టే మొదటి కమాండ్ 'డబ్ల్యూ'. ఎవరెవరు ఉన్నారు, ఎంతసేపటి నుంచి ఖాళీగా ఉన్నారు, ఏం నడుపుతున్నారు అన్నది ఒక్క చూపులో తెలిపే ఈ పనిముట్టును 12 ఏళ్లుగా రోజూ వాడుతున్నాను. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వచ్చినవారి విషయంలో అది నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. డెస్క్‌టాప్ ముందు కూర్చున్న మనిషి విషయంలో మాత్రం దాని ఐడిల్ (ఖాళీ సమయం) గడిని నమ్మవద్దనే చెబుతాను.

ఒక కాలేజీ ల్యాబ్ చూసుకునే రోజుల్లో, గంటకు మించి ఖాళీగా ఉన్న సెషన్లను మూసేసే స్క్రిప్టు రాసి, ఖాళీ సమయాన్ని ఈ కమాండ్ నుంచే తీసుకున్నాను. మొదటిరోజే ఒక విద్యార్థిని ప్రాజెక్టు రిపోర్టు సేవ్ చేయకముందే పోయింది. "సార్, నేను టైపు చేస్తూనే ఉన్నాను" అని ఆమె అన్న మాట నిజమే. పక్క మెషీన్‌లో చూస్తే, 10:12కి లాగిన్ అయి ఆపకుండా పనిచేస్తున్న కుర్రవాడి వరుసలో, 11:19కి, టీటీవై2 (ఆ సెషన్ నడిచే టెర్మినల్) ఎదురుగా ఐడిల్ 1:07ఎం, అంటే 1 గంట 7 నిమిషాలు, అని ఉంది. ఏం నడుస్తోంది అన్న గడిలో అతను తెరిచిన ఎడిటర్ పేరు లేదు, డెస్క్‌టాప్ సెషన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ పేరు 'జీడీఎం-ఎక్స్-సెషన్' అని మాత్రమే ఉంది.

కారణం కమాండ్ లెక్క కట్టే పద్ధతిలో ఉంది. టెర్మినల్ డివైస్ ఫైలును చివరిసారి ఎప్పుడు చదివారో చూసి, ఆ సమయాన్ని ప్రస్తుత సమయం నుంచి తీసివేసి, మిగిలినదాన్ని ఖాళీ సమయంగా చూపిస్తుంది. డెస్క్‌టాప్‌ను తెరపై చూపే ఎక్స్ సర్వర్ గానీ వేలాండ్ గానీ కీబోర్డును, మౌస్‌ను ఇన్‌పుట్ డివైస్‌ల నుంచి నేరుగా చదువుతాయి కాబట్టి, ఎంత టైపు చేసినా టీటీవై2 ఫైలు కదలదు. 1979లో బీఎస్‌డీ 3 (యునిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్)తో ఈ కమాండ్ వచ్చినప్పుడు ఎక్స్ విండో సిస్టమ్ ఇంకా పుట్టనే లేదు, అది వచ్చింది 1984లో. అందువల్ల మొదటి రచయితలను తప్పుపట్టలేము.

నన్ను బాధించేది మరొకటి. లైనక్స్‌లో సెషన్ పేరు ':0' అని నమోదైనప్పుడు ఇదే గడిలో '?ఎక్స్‌డీఎం?' అని పడేది, అంటే ఖాళీ సమయం తెలియదని కమాండ్ ఒప్పుకునేది. డిస్‌ప్లే మేనేజర్లు (లాగిన్ తెరను చూపే ప్రోగ్రాములు) టీటీవై2 అని నమోదు చేయడం మొదలయ్యాక, తెలియని చోట కూడా ఖచ్చితమైన అంకె కనిపిస్తోంది, స్క్రిప్టు దాన్నే నమ్ముతుంది.

ఇప్పుడు నేను సెషన్ల వివరాలు చూపే మరో కమాండ్ 'లాగిన్‌సీటీఎల్' వాడుతున్నాను. సెషన్ రకం ఎక్స్11, వేలాండ్, టీటీవైలలో ఏదో అది స్పష్టంగా చెబుతుంది, ఐడిల్ హింట్ (సెషన్ ఖాళీగా ఉందా లేదా అన్న సూచన) కూడా ఇస్తుంది. అయితే ఆ సూచనను డెస్క్‌టాప్ తనంతట తాను పంపాలి కాబట్టి, సెషన్లను మూసే ముందు మీ డెస్క్‌టాప్ పంపుతోందో లేదో పరీక్షించుకోండి. సెషన్ రకం సిస్టమ్‌కే తెలిసినప్పుడు, గ్రాఫికల్ సెషన్ల గడిలో ఆ పాత ప్రశ్నార్థకాన్ని తిరిగి పెట్టమని 'డబ్ల్యూ' కోడ్ నిర్వాహకులను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.