ఆరు జనవరిలు, గరిక, ఒక క్యాడీ

మేముండేది అమెరికాలో మిన్నెసోటా. అక్కడ నవంబరులో మూసిన గోల్ఫ్ కోర్సు ఏప్రిల్ వస్తే గానీ తెరుచుకోదు. తోటివాళ్లంతా ఆ మధ్యలో ఓ వారం ఫ్లోరిడాకో అరిజోనాకో పోయి ఆడుకొస్తారు. అరిజోనా నేనూ ఒకసారి చూశాను. జనవరి అక్కడ గిరాకీ కాలం, ఒక్క రౌండుకే మూడొందల డాలర్లు దాటే కోర్సులున్నాయి. ఆ డబ్బేదో విమానం టికెట్టుకు పెడితే ఇంటికైనా పోయినట్టుంటుందని 2019 జనవరిలో బ్యాగు భుజాన వేసుకుని అనంతపురం వచ్చాను. కరోనాకి పోయిన రెండేళ్లు వదిలేస్తే ఇప్పటికి ఆరుసార్లయింది. మకాం అనంతపురంలో, ఆట బెంగళూరు పక్క కోర్సుల్లో.

ఎండ గురించి, టికెట్ల గురించి చెప్పను, అవి అందరికీ తెలిసినవే. నేనాడే కోర్సులున్న విమానాశ్రయం పక్క, నంది కొండ పక్క రెండూ బెంగళూరుకు మన వైపే కాబట్టి ఊళ్లో ట్రాఫిక్‌లోకి దిగే పని లేదు. అదీ పక్కన పెడితే, ఈ సెలవుల్లో నా డబ్బుకు పూర్తిగా తగినదేంటని అడిగితే ఒక్కటే చెప్తాను: క్యాడీ.

అమెరికాలో నేను ఆడే కోర్సుల్లో క్యాడీ ఉండడు. బ్యాగును మనమే బండి మీద తోసుకోవాలి, దూరం ఫోన్‌లో చూసుకోవాలి, బంతి పొదల్లో పడితే మనమే వెతుక్కోవాలి. ఇక్కడ రౌండుకో మనిషి తోడొస్తాడు. మొదటిసారి ఆడొచ్చి అమ్మకు చెప్తూ "మంచి క్యాడీ దొరికాడమ్మా" అన్నాను. ఆమెకు అది కేడీ అని వినపడింది. "ఎండలో నీ సంచి మోసిన పిల్లోన్ని పట్టుకుని కేడీ అంటావేంరా?" అని తిట్టింది. ఇంట్లో అదే పేరు నిలిచిపోయింది.

మొదటి ఏడాది నేను ఆ క్యాడీలను బ్యాగు మోసేవాళ్లుగానే చూశానని ఒప్పుకోవాలి. వాళ్ల విలువ తెలిసింది 2020లో, అదీ మంచు పుణ్యమా అని.

సంక్రాంతికి ముందు వారం. మిన్నెసోటాకీ మనకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా కాబట్టి, వచ్చిన కొత్తలో రాత్రి రెండింటికే కళ్లు తెరుచుకుంటాయి. మంచం మీద దొర్లడం కన్నా మూడున్నరకు కారెక్కడం నయం. తమ్ముడు తోలుతున్నాడు. పెనుకొండ దాటేదాకా ఆకాశంలో చుక్కలు కనిపించాయి. బాగేపల్లి దాటాక మంచు మొదలైంది. చిక్కబళ్లాపురం దగ్గరికొచ్చేసరికి ముందు లారీ వెనక లైట్లు తప్ప ఇంకేం లేదు. "అన్నా, రోడ్డే కనపడకపాయ, అంత చిన్న బంతిని ఎట్ల ఎతుకుతావు?" అన్నాడు వాడు.

మా ఆట టైము ఏడింటికి. మంచు తేలేదాకా ఎవర్నీ లోపలికి వదలమన్నారు. అది తేలేసరికి తొమ్మిదింబావు. ఆ రెండు గంటలూ టీ తాగుతూ గోడవారన కూర్చున్నాం. పక్కనే క్యాడీలు. అప్పటిదాకా నాతో "యస్ సార్, నో సార్" తప్ప మాట్లాడని అబ్బాయి, తన స్నేహితుడితో "ఇంగ పదైనా ఇడిసేటట్ల లేరప్పా" అంటుంటే తలతిప్పాను. బాగేపల్లి దగ్గర పల్లె అట. ఆ పక్కంతా ఇళ్లలో తెలుగే.

"మీది యాడన్నా?"

"అనంతపురం."

"అట్లనా! మా అక్కను రొద్దంలో ఇచ్చినాం."

రొద్దం ఇప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయిందిలెండి, అప్పుడు మాదే. దాంతో సార్ పోయి అన్నా వచ్చింది.

ఆట మొదలయ్యాక నాలుగో హోల్ దగ్గర నాకు పది అడుగుల పట్, అంటే బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ, మిగిలింది. నా కంటికి నేల కుడికి వాలి ఉంది. అతను మాత్రం "ఎడమకే పోతాదన్నా, కుడి అంచుకు కొట్టు" అన్నాడు. పాతికేళ్లుగా ఆడుతున్నవాణ్ణి, నా కళ్లనే నమ్మాను. బంతి ఎడమకు పోయింది. ఐదో హోల్‌లోనూ అదే కథ. ఆరో హోల్‌కి అతనికి విసుగొచ్చినట్టుంది. జెండా కర్ర తీసి పక్కన పెట్టి, గుంత దగ్గర గొంతుక్కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు.

"కొండను చూడొద్దు, గడ్డిని చూడు."

గుంత అంచు చుట్టూ వేలితో రాశాడు. ఒక పక్క అంచు కత్తితో కోసినట్టు పచ్చగా, నున్నగా ఉంది. రెండో పక్క గోధుమ రంగుకు తిరిగి, నమిలి వదిలేసినట్టు చిట్లిపోయి ఉంది. "గడ్డి ఏ పక్కకు పండుకుంటే ఆ పక్క అంచు ఎండిపోతాది. బంతిని గూడ ఆ పక్కకే లాగుతాది" అన్నాడు. తర్వాత నన్ను లేపి, బంతి వెనక నిలబెట్టి గ్రీన్ మొత్తం, అంటే గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి మొత్తం, చూడమన్నాడు. కొంత భాగం నూనె రాసినట్టు మెరుస్తోంది, కొంత ముదురుగా, మసక మసకగా ఉంది. మెరిసే వైపు కొడితే బంతి జారిపోతుంది, మసక వైపు కొడితే ఆగిపోతుంది. నాలుగో హోల్‌లో నేను చూసిన కుడి వాలు, వెనకాల కొండ వల్ల కంటికి పుట్టిన భ్రమ. ఉన్న కాస్త వాలునూ పడుకున్న గడ్డి మింగేసింది.

దీని వెనక సంగతి నాకు తర్వాత అర్థమైంది. మిన్నెసోటా గ్రీన్‌ల మీద ఉండేది బెంట్‌గ్రాస్, చలిదేశపు గడ్డి. దాన్ని కత్తిరించే పద్ధతిలో ఈ పడుకోవడం లెక్కలోకి రానంత తక్కువ. ఇక్కడ ఉండేది బెర్ముడా. పేరు చూసి ఏదో అనుకుంటాం గానీ అది మన గరికే. వినాయకుడికి పెట్టే గరిక జాతికి చెందిన సంకర రకాలు. నేల మీద పాకే గుణం దానికి పుట్టుకతోనే ఉంది, ఎంత పొట్టిగా కత్తిరించినా ఏదో ఒక పక్కకు తల వాలుస్తుంది. ఇదంతా ఇంటికొచ్చి చెప్తే అమ్మ, "చేన్లో గరిక పీకలేక మేం చస్తావుంటే, దాన్ని పెంచేదానికి దుడ్లు కడతారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు మొత్తం 94 దెబ్బలు కొట్టాను, ఈ ఆటలో ఎంత తక్కువైతే అంత మేలు. అందులో పట్లు 31. పట్లలో నా మామూలు లెక్క 36, 37. ఆ తర్వాత మూడు రౌండ్లూ అతనితోనే ఆడాను. పండగ మరుసటి రోజు అమ్మ కట్టిచ్చిన ఓళిగలు తీసుకుపోతే, చెట్టు కింద క్యాడీలందరూ పంచుకుని తిన్నారు.

ఆ ఏడాది తిరిగి వెళ్లాక ఈ సెలవుల గురించి కనపడిన ప్రతివాడికీ చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. మిన్నెసోటాలో చలికాలం స్కోర్లు లెక్కలోకి రాకపోయినా, ఏడాది పొడుగునా ఆట నడిచే చోట ఆడినవి వస్తాయి. క్యాడీ చూపించిన పట్ల పుణ్యాన జనవరిల్లో నా హ్యాండిక్యాప్, అంటే పందెంలో నాకిచ్చే దెబ్బల రాయితీ, 18 నుంచి 15కి దిగింది. ఆట మెరుగైతే అది తగ్గుతుంది. చూసుకోవడానికి బాగుంది. మేలో మా ఊరి కోర్సులో అదే 15తో పందెం కాస్తే తెలిసింది అసలు సంగతి. అక్కడ గుంత చుట్టూ అంచంతా ఒకేలా ఉంటుంది. మెరుపూ లేదు, మసకా లేదు. పక్కన "ఎడమకన్నా" అనే గొంతూ లేదు. మూడేసి పట్లు కొడుతూ పందేలు ఓడి జూన్ దాకా తోటివాళ్లకు డిన్నర్లు పెట్టాను. నాకు ఇండియా ట్రిప్పు అంటే ఎందుకంత ఇష్టమో వాళ్లకు తెలీదు గానీ, వాళ్లకు మాత్రం చాలా ఇష్టం.

రెండోది, ఈ ఆనందం మనిషిని బట్టి ఉంటుంది. 2025లో వెళ్తే ఆ అబ్బాయి లేడు. విమానాశ్రయం దగ్గర క్యాబ్ తోలుతున్నాడట. నెలనెలా ఇంత అని చేతికొచ్చే పని, తప్పు పట్టడానికి లేదు. అతని బదులు వచ్చినాయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండా ప్రతి పట్‌కీ "స్ట్రెయిట్ సార్" అన్నాడు. పద్దెనిమిది హోల్స్‌లో ఒక్కటీ స్ట్రెయిట్ కాదు. ఫలానా మనిషే కావాలని ముందుగా అడిగాను, చూస్తామన్నారు, చూడలేదు. ఈ జనవరిలో ఇంకో పెద్దాయన వచ్చాడు, మంచివాడే. నేను గుంత దగ్గర గొంతుక్కూర్చుని అంచు తడుముతుంటే ఆయన మా తమ్ముడి చెవిలో "సారుది ఏమన్నా పడిపాయనా?" అని అడిగాడట.

ఇంకో దిద్దుబాటు. గోల్ఫ్ బ్యాగును ప్రతిసారీ విమానంలో మోయకుండా అనంతపురంలోనే వదిలేయండని మొదట్లో అందరికీ సలహా ఇచ్చాను. మిద్దె మీద రేకుల గదిలో పెట్టాను. మే నెలలో ఆ రేకుల కింద ఏం జరుగుతుందో మన వాళ్లకు చెప్పక్కర్లేదు. మూడో ఏటికి గ్రిప్పుల (గోల్ఫ్ కర్రల పిడులకు తొడిగే తొడుగుల) రబ్బరు గట్టిపడి, పట్టుకుంటే చేతికి నల్లగా అంటుకునేది. ఇప్పుడు బ్యాగు అమ్మ మంచం కింద, చెనక్కాయల మూట పక్కన ఉంటుంది.

మరి రావచ్చా అంటే, నా లెక్క వేరు. నాకు అనంతపురంలో ఇల్లుంది, మూడున్నరకు లేచి కారు తోలే తమ్ముడున్నాడు, ఎలాగూ అమ్మను చూడ్డానికి రావాలి. ఆట దానికి కొసరు. ఇవేవీ లేకుండా వారం రోజుల సెలవుతో, ఒట్టి గోల్ఫ్ కోసమే అయితే అరిజోనానే దగ్గర. పోనీ ఇక్కడికే వస్తారా, తెల్లవారుజాము టైములు తీసుకోవద్దు, మంచు ఎవరి మాటా వినదు. తొమ్మిది తర్వాత తీసుకోండి. మూడున్నర ప్రయాణాలు నేను మానేసి రెండేళ్లయింది, ఇప్పుడు ఉగ్గాని బజ్జీ తిని తీరిగ్గా ఆరింటికి బయల్దేరుతున్నాం.

2027కి టికెట్లు చూస్తున్నాను. వచ్చేటప్పుడు పద్నాలుగు కొత్త గ్రిప్పులు, రెండు వైపులా అంటుకునే టేపు సూట్‌కేసులో పెట్టుకోవాలి. అనంతపురంలో అవి దొరకవు.