వెస్ట్ ఎల్లోస్టోన్, ఐలండ్ పార్క్, కుక్ సిటీ: స్నోమొబైల్ యాత్రలో మంచును అంచనా వేసిన తీరు

సోలాంగ్ లోయలోనో గుల్మార్గ్‌లోనో డ్రైవరు వెనుక కూర్చుని పది నిమిషాలు మంచు స్కూటరు (స్నోమొబైల్) ఎక్కి దిగిన అనుభవం మనవాళ్లలో చాలామందికి ఉంటుంది. అక్కడ మంచు పడిందా లేదా అని అడిగితే చాలు. అమెరికాలోని రాకీ పర్వతాల్లో చదును చేసిన దారి విడిచి, కొండల్లోకి సొంతంగా బండి నడపాలనుకునేవారికి ఆ ప్రశ్న చాలదని మాకు రెండు శీతాకాలాల్లో తెలిసివచ్చింది. సాల్ట్ లేక్ సిటీలో ఉద్యోగాలు చేసుకుంటున్న మేము నలుగురం మొదటి ఏడాది ఫిబ్రవరిలో వెస్ట్ ఎల్లోస్టోన్‌కూ ఐలండ్ పార్క్‌కూ, మరుసటి ఏడాది మార్చి చివర్లో కుక్ సిటీకీ వెళ్లాము. ఎక్కడ బస చేశామో, ఏ సేవ డబ్బుకు తగినట్టుగా ఉందో చెబుతూనే, మంచు మంచిదో కాదో ఎలా తేల్చుకున్నామో రాస్తున్నాను.

సాల్ట్ లేక్ నుంచి ఐ-15 రహదారి మీద ఐడాహో ఫాల్స్ దాకా, అక్కడి నుంచి యూఎస్ 20 మీద యాష్టన్, ఐలండ్ పార్క్ మీదుగా వెస్ట్ ఎల్లోస్టోన్ సుమారు 320 మైళ్లు. వేసవిలో ఐదు గంటల ప్రయాణం మాకు ఏడు గంటలు పట్టింది, ఎందుకంటే యాష్టన్ దాటాక గాలి పొలాల మీది మంచును ఎత్తి రోడ్డుకు అడ్డంగా పోస్తోంది. విమానంలో వచ్చేవారు బోజ్‌మన్‌లో దిగి 90 మైళ్లు కారులో రావడం మేలు. 6,667 అడుగుల ఎత్తున ఉన్న ఈ చిన్న ఊళ్లో స్నోమొబైళ్లను వీధుల్లో నడపనిస్తారు కనుక బండిని మోటెల్ గది తలుపు ముందే నిలుపుకోవచ్చు. మేము దిగిన మోటెల్ గదులు పాతవే అయినా, తడిసిన బూట్లూ చేతి తొడుగులూ ఆరబెట్టుకోవడానికి వేడిగా ఒక గది ఉంది. ఉదయం మైనస్ 24 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు ఆ గది విలువ ఈతకొలను కన్నా ఎక్కువ. చిన్న వంటగది ఉండటంతో నాలుగు రోజులూ పులిహోర, పెరుగన్నం, ఆవకాయతో గడిచిపోయింది.

మొదటి రోజు చదును చేసిన దారిలో టూ టాప్ కొండ ఎక్కాము. పైన గాలికీ పొగమంచుకీ సూది ఆకుల చెట్ల నిండా మంచు పేరుకుని, ముసుగు వేసుకుని నిలబడ్డ మనుషుల్లా కనిపిస్తాయి. అందం మాట అలా ఉంచితే, మంచు గురించి మొదటి పాఠం అక్కడే నేర్చుకున్నాము. మధ్యాహ్నానికి దారి గట్టిపడి పలకలా తయారైంది, మా బండ్లలో ఒకటి వేడెక్కి ఎర్రదీపం వేసింది. ఇంజను చల్లబడాలంటే వెనుక తిరిగే రబ్బరు పట్టా (ట్రాక్) వదులు మంచును పైకి చిమ్మి, సీటు కింది రేకుకు అంటుకుని ఉన్న గొట్టాల మీద పోయాలి. ట్రాక్ లోపల రాసుకునే ప్లాస్టిక్ పట్టీలను చల్లగా ఉంచేది కూడా ఆ మంచే. గట్టి దారి మీద చిమ్మడానికి ఏమీ దొరకదు కనుక, వెనుకకు వేలాడుతూ దారిని గీరే స్ప్రింగు కడ్డీలు ఉన్నాయా అని అద్దెకు తీసుకునే ముందే అడగాలి. మా బండికి అవి లేవు. అరిగిన పట్టీలకు రుసుము మాత్రం మా దగ్గరే వసూలు చేశారు.

ఆ దుకాణం పేరు రాయను కానీ, అక్కడ జరిగిన మరో సంగతి చెప్పాలి. మరుసటి రోజు కొండల్లోకి వెళతామని చెప్పి మంచులో కూరుకుపోతే ఎక్కడున్నామో రేడియో సంకేతంతో తెలిపే బీకన్లు అడిగితే, "మీరు వెళ్లే చోట వాటితో పనిలేదులెండి" అంటూనే మూడు తెచ్చి బల్ల మీద పెట్టారు. నలుగురికి మూడు, అందులో ఒకదాని బ్యాటరీ సగానికి పడిపోయి ఉంది. మంచు చరియ విరిగి మనిషి కూరుకుపోతే మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీయగలిగితేనే బతికే ఆశ ఎక్కువ. ఆ కాస్త సమయంలో తోటివాళ్ల దగ్గర ఉన్న బీకను, మంచులో గుచ్చి వెతికే ప్రోబు కర్ర, పార తప్ప మరేదీ అక్కరకు రాదు. మేము అద్దె రద్దు చేసుకుని, ఎక్కువ చెల్లించి, గైడు ఉన్న మరో సంస్థకు మారాము. వాళ్లు బయలుదేరే ముందు ఒక్కొక్కరినీ గేటు దాటిస్తూ నాలుగు బీకన్లూ పలుకుతున్నాయో లేదో చూశారు. ఇలాంటి యాత్రలో సేవ నాణ్యతకు నా దృష్టిలో ఇదే మొదటి గీటురాయి.

మంచు లోతు తెలుసుకోవడం తేలిక. స్నోటెల్ అనే ప్రభుత్వ స్వయంచాలక కేంద్రాలు కొండల మీద మంచు లోతునూ, అది కరిగితే ఎన్ని అంగుళాల నీరవుతుందో ఆ లెక్కనూ గంటగంటకూ ఇస్తాయి. లోతు పెరిగినా నీటి లెక్క కొంచెమే పెరిగితే పడింది పొడి మంచు అనీ, నీటి లెక్క ఒక్కసారిగా ఎగబాకితే కింది పొరల మీద బరువు పడిందనీ అర్థం. రాత్రి గాలి ఎటు వీచిందో కూడా చూడాలి. గాలి శిఖరానికి ఒక పక్క మంచును ఊడ్చి రెండో పక్క పోస్తుంది కనుక, ఆకాశం నుంచి రవ్వంత పడకపోయినా ఆ రెండో పక్క వాలు మీద అడుగుల కొద్దీ కొత్త బరువు చేరవచ్చు. వీటన్నిటినీ కలిపి బోజ్‌మన్‌లోని గాలటిన్ నేషనల్ ఫారెస్ట్ అవలాంచ్ సెంటర్ (మంచు చరియల ప్రమాదాన్ని అంచనా వేసే కేంద్రం) చలికాలమంతా రోజూ ఉదయం ముందస్తు సూచన ఇస్తుంది. ప్రమాదానికి ఐదు స్థాయిలు. మేము వెళ్లిన రోజు మూడో స్థాయి ఉంది. ఐదింటిలో మూడంటే మధ్యస్థమేగా అని మా మిత్రుడొకడు అన్నాడు, నిజానికి నేనూ లోలోపల అలాగే అనుకున్నాను. ఒక్కో మెట్టుకూ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందనీ, నాలుగో స్థాయి రోజుల్లో జనం భయపడి ఆగిపోతారు కనుక ప్రాణనష్టం ఎక్కువగా జరిగేది ఈ మూడో స్థాయి రోజుల్లోనేననీ గైడు చెప్పాక ఆ మాట వెనక్కి తీసుకున్నాము.

ఐలండ్ పార్క్ వైపు, సెంటెనియల్ కొండల దిగువన ఒక చిన్న వాలు దగ్గర గైడు బండి ఆపి పారతో గొయ్యి తవ్వాడు. లోతు దాదాపు ఐదడుగులు వచ్చింది. గోడను నున్నగా చెక్కితే మడత కాజాలా పొరలు పైకి తేలాయి. తొడుగు తీసి వేలితో పైనుంచి కిందికి గీయమన్నాడు. పైన వేలు సులువుగా దిగింది, మధ్యలో గట్టిగా ఆపింది, అడుగున ఒక జానెడు మేర మాత్రం ఏ పట్టూ లేకుండా రాలిపోయింది. ఆ రాలినదాన్ని అరచేతిలోకి తీసుకుంటే కల్లుప్పు పలుకుల్లా మెరుస్తూ, ఎంత పిండినా ముద్ద కాకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. సీజను మొదట్లో మంచు పలుచగా ఉన్నప్పుడు, నేల సున్నా డిగ్రీల దగ్గర, పైన గాలి మైనస్ ఇరవైల్లో ఉంటే, ఆ తేడాకు మధ్యలోని రేణువులు ఒకదానితో ఒకటి అతకకుండా ఇలా పలుకులుగా మారతాయట. తరువాత పడిన నాలుగడుగులూ ఆ పలుకుల మీదే నిలబడి ఉన్నాయి.

అప్పుడు ఆయన 30 సెంటీమీటర్ల మందం, 90 సెంటీమీటర్ల పొడవు ఉన్న దిమ్మెను విడదీసి, ఒక చివర పార ఆనించి, మణికట్టుతో పది దెబ్బలు మెల్లగా తట్టాడు. ఏమీ కాలేదు. మోచేతి నుంచి తట్టడం మొదలుపెట్టాక నాలుగో దెబ్బకు, అంటే మొత్తం మీద పద్నాలుగో దెబ్బకు, దిమ్మె ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారిగా ముందుకు జారి మా మోకాళ్ల దగ్గర పడింది. పార తగిలిన చోటు మాత్రమే విరిగితే అంత భయపడనక్కరలేదు, పగులు ఇలా కొస దాకా పాకితే వాలంతా కదులుతుంది. ఆ రోజు 30 డిగ్రీలు దాటిన వాలు ఏదీ ఎక్కలేదు, అటువంటి వాలు కింద ఆగనూ లేదు. బల్లపరుపు మైదానాల్లో, చెట్ల మధ్య ఎత్తు తక్కువ మిట్టల మీద సాయంత్రం దాకా తిరిగాము. ఒకచోట బండి బరువుకు కింద ధబ్బున ఏదో కుంగిన చప్పుడైంది, అందరమూ మాట్లాడకుండా వచ్చిన జాడలోనే వెనక్కి తిరిగాము. నా బండి మూడుసార్లు కూరుకుపోయింది. సాయానికి ఇంకొకరు బండితో సహా వాలు ఎక్కిరావడం పెద్ద తప్పు కనుక, మిగతావాళ్లు దూరంగా, బండ్ల ముక్కులు కిందికి పెట్టి నిలబడి చూశారు, నేను ఒక్కణ్నే తవ్వుకున్నాను. నడుము నొప్పి వారం రోజులు ఉంది.

ఎల్లోస్టోన్ పార్కు లోపలికి వెళ్లిన రోజు గురించి ఎక్కువ రాయను. అక్కడ చదును చేసిన రోడ్డు దిగకూడదు కాబట్టి మంచు అంచనాతో పనిలేదు, పిల్లలతో వచ్చేవారికి అదే ఉత్తమం.

కుక్ సిటీ వేరే లోకం. శీతాకాలంలో గార్డినర్ వైపు నుంచి లమార్ లోయ గుండా ఒక్క దారే తెరిచి ఉంటుంది, బసలు తక్కువ, వాలులు నిటారు. మొదటిసారి వచ్చేవారికి నేను సూచించను. మార్చి చివర్లో రాత్రి గడ్డకట్టిన పైపొర ఉదయం రోడ్డులా మోస్తుంది, ఎండెక్కేకొద్దీ పట్టు వదులుతుంది. రెండో రోజు మేఘాలు కప్పి ఉండటంతో రాత్రి పైపొర సరిగ్గా బిగియలేదు. పదిన్నరకు బండి దిగి అడుగు వేస్తే బూటు పిక్క దాకా దిగిపోయింది, తీసి చూస్తే గుంత అడుగున నీరు మెరుస్తోంది. ఇంకో గంట తిరగవచ్చునని ఎవరూ అనలేదు. పదకొండున్నరకల్లా బండ్లను ట్రైలరెక్కించి బసకు తిరిగి వస్తే, ఆ ఇంటావిడ గడియారం వంక చూసి, ఏమీ అడగకుండా, మూడో రాత్రి గది డబ్బు వెనక్కి ఇచ్చేసింది.